కాలవగట్ల మీదుగా సైకిల్ యాత్ర: ధవళేశ్వరం నుంచి ద్రాక్షారామం దాకా ఎలా వెళ్లాలి

గ్రావెల్ సైక్లింగ్, అంటే మట్టిదారుల మీద సైకిల్ తొక్కడం, అనగానే చాలామందికి యూట్యూబులో చూసిన ఇటలీ తెల్లమట్టి రోడ్లే గుర్తొస్తాయి. రాజమండ్రి నుంచి సామర్లకోట, ద్రాక్షారామం వైపు పోయే కాలవగట్లూ పుంతలూ (పొలాల మధ్య మట్టి బండిదారులు) వాటికేమీ తీసిపోవండి. పైగా ఎత్తు ఎక్కే బాధ లేదు, దారి పొడవునా నీళ్లూ నీడా ఉంటాయి, వెయ్యేళ్లు దాటిన గుళ్లుంటాయి, ఆకలేస్తే ఏ సెంటర్లో ఆగినా వేడి పెసరట్టు దొరుకుతుంది. లేనిదల్లా బోర్డులు. ఏ గట్టు ఎక్కడ ఆగిపోతుందో, ఏ పుంతలో వాన పడితే చక్రం కదలదో చెప్పే బోర్డు ఒక్కటీ కనపడదు.

ఇక్కడ చెప్పేది రెండు రోజుల దారి. రోజుకి 60 కిలోమీటర్లు తొక్కే ఓపిక ఉంటే చాలు, కొత్తవాళ్లు కూడా చేయొచ్చు. అయితే ఒక మాట మొదట్లోనే పట్టుకోండి. డెల్టాలో దారి వేసేటప్పుడు రోడ్డు చూసి వేయకూడదు, నీళ్లు చూసి వేయాలి. కాలవ పక్కనే మీ దారి, కాలవలో నీళ్లు వదిలే తేదీలే మీ క్యాలెండరు, కాలవ మీద వంతెన ఎక్కడుంటే మీకు మలుపు అక్కడే.

1. ముందు ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోండి

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. సార్వా (వానాకాలం వరి) కోతలు అయిపోయి దాళ్వా (రెండో పంట) ఊడ్పులు మొదలవుతాయి, కాలవల్లో నీళ్లుంటాయి, గట్లు ఆరి గట్టిగా ఉంటాయి. ఏప్రిల్లో మామూలుగా కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్లోగానీ వదలరు. ఆ మధ్యలో వెళ్తే ఎండిన కాలవ, పూడికతీత పొక్లెయిన్లు, రోహిణి ఎండ, ఇంతే కనపడేది. జులై నుంచి అక్టోబరు దాకా పచ్చదనం కళ్లు తిప్పుకోనివ్వదు, నిజమే, కానీ ఇది ఒండ్రు నేల. గంట వాన పడితే చాలు, జిగటమట్టి టైరుకి చుట్టుకుని ఫోర్కు మధ్యలో ఇరుక్కుని, సైకిల్ మిమ్మల్ని మోయడం పోయి మీరు సైకిల్ని మోయాల్సి వస్తుంది. వాన వెలిసిన తర్వాత కనీసం రెండు రోజులు గట్టిగా ఎండ కాసిందాకా పుంతల జోలికి వెళ్లకండి. ఎర్ర గ్రావెల్ పోసిన గట్టయితే ఒక రోజు ఆగినా సరిపోతుంది.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం మానుకోండి. ఊళ్లు అందంగానే ఉంటాయి, కానీ పందెం బరుల వైపు వెళ్లే కార్లు, బైకులతో సన్నటి దారులన్నీ నిండిపోతాయి. లాడ్జీలో గది కూడా దొరకదు.

డిసెంబరు, జనవరుల్లో పొద్దున్నే పొగమంచు దట్టంగా పడుతుంది. వెనక ఎర్రలైటు వెలిగే ఉండాలి. మంచు విడేదాకా తారురోడ్డు ఎక్కకపోతే ఇంకా మంచిది.

2. సైకిల్ సంగతి

దీనికోసం లక్ష పెట్టి గ్రావెల్ బైకు కొనక్కర్లేదు. అంతా చదును కాబట్టి గేర్లు పెద్ద విషయం కాదు, టైరు వెడల్పే విషయం. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ చక్కగా సరిపోతుంది, ఎంటీబీ (మౌంటెన్ బైకు) ఉన్నా నిశ్చింతగా తీసుకెళ్లండి. 28 మిల్లీమీటర్ల టైరున్న రోడ్ బైకు మాత్రం వద్దు, ట్రాక్టరు గాడిలో పడితే రిమ్ము పోతుంది. గాలి మరీ గట్టిగా కొట్టకండి. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైర్లో 40 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉంటే చాలు, ట్యూబ్‌లెస్ అయితే ఇంకో అయిదారు తగ్గించొచ్చు. రాయిలా గాలి కొట్టి గట్టెక్కితే సాయంత్రానికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

ఇక్కడ అసలు శత్రువు సర్కారు తుమ్మ. గట్ల మీద కంప కొట్టి పక్కన పడేస్తారు, ఆ ముళ్లు మట్టిలో కలిసిపోయి కనపడవు. ట్యూబ్‌లెస్ కాకపోతే ట్యూబులో సీలెంట్ (చిన్న రంధ్రాల్ని తనే పూడ్చేసే ద్రవం) పోయించుకోండి, రెండు ట్యూబులు అదనంగా పెట్టుకోండి, పంచరు సామాను, చిన్న పంపు తప్పనిసరి. ఊళ్లో సైకిల్ షాపు ఉంటుందిలే అనుకుంటారు. ఉంటుంది కూడా, పంచరు వేసే ఆయన చేతివాటం మనకంటే పదిరెట్లు బావుంటుంది. చిక్కెక్కడంటే, మన సైకిళ్లకి ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకి ఆయన దగ్గరి పంపు పట్టదు. ఇరవై, ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి కొని వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఆ గొడవ తీరిపోతుంది. అలాగే ఊళ్లో దొరికే 28 సైజు ట్యూబు పాత హీరో, అట్లాస్ బళ్లకి చేసింది. దాని వాల్వు లావు, ప్రెస్టాకి చేసిన రిమ్ము రంధ్రంలో దూరదు. అందుకే మీ ట్యూబులు మీ దగ్గరే ఉండాలి.

మిగతా సరంజామా: రెండు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, హెల్మెట్, ఒక తాళం, పల్చటి లుంగీ లేదా పంచె. లుంగీ ఎందుకంటే, సైకిల్ నిక్కరుతో గుళ్లోకి వెళ్తే ఎవరో ఒకరు అడ్డం పడతారు. నిక్కరు మీదే చుట్టేసుకుంటే క్షణంలో పని అయిపోతుంది. ఆడవాళ్లకి చున్నీ ఒకటి, వదులు ప్యాంటు ఒకటి చాలు.

3. మ్యాపు మీద దారి గీసుకోండి

గూగుల్ మ్యాప్స్‌ని మామూలుగా అడిగితే మిమ్మల్ని తీసుకెళ్లి కెనాల్ రోడ్డు మీద పడేస్తుంది. రాజమండ్రి నుంచి కాకినాడ దాకా కాలవ వెంబడే సాగే ఆ తారురోడ్డు చూడటానికి బావుంటుంది, తొక్కడానికి కాదు. సన్నటి రోడ్డు, లారీలు, ఒక పక్క కాలవ, తప్పుకోడానికి చోటుండదు.

అందుకని శాటిలైట్ వ్యూ పెట్టండి. కాలవకి రోడ్డు ఉన్న గట్టు వదిలేసి అవతలి గట్టు చూడండి. చాలాచోట్ల చెట్ల వరస పక్కన సన్నటి ఎర్రటి గీతో బూడిదరంగు గీతో కనపడుతుంది, అదే మీ దారి. స్ట్రావా, కొమూట్ లాంటి సైక్లింగ్ యాప్‌లో ఆ గీత మీద వేలుపెట్టి దారి గీసుకుని ఫోన్లో దింపుకోండి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది: దారిలో ఉన్న ప్రతి వంతెననీ, ప్రతి లాకునీ (పడవల కోసం కాలవకి కట్టిన తలుపుల గది) గుర్తు పెట్టుకోవడం. అవతలి గట్టు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఇళ్లు అడ్డం వస్తాయి, లేదా పిల్లకాలవ తూము తెగి ఉంటుంది. అలా ఆగిపోయినప్పుడు వెనక వంతెన రెండు కిలోమీటర్లుందా, ముందు వంతెన పొలంగట్టు మీద నడిపించుకుంటూ వెళ్తే అర కిలోమీటరుందా అన్నది తెలిసుంటే టెన్షన్ ఉండదు.

4. మొదటి రోజు: ధవళేశ్వరం, కడియం, బిక్కవోలు, సామర్లకోట

రాజమండ్రిలో అయిదున్నరకి బయల్దేరండి. గోదావరి గట్టు వెంబడి దిగువకి వస్తే ధవళేశ్వరం అయిదారు కిలోమీటర్లే. ఇక్కడ ఆగకుండా వెళ్లిపోతే మిగతా దారికి అర్థం లేదు. ఇవాళ మీరు తొక్కబోయే ప్రతి కాలవా ఇక్కడ పుట్టిందే. 1832-33 కరువులో జనం అల్లాడిపోయాక, ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. ఆయన వెంట ఉండి పని నడిపించిన తెలుగాయన వీణెం వీరన్న, ఆయన్నీ తలుచుకోవాలి. నదిలో లంకలుండటం చూసి ఆనకట్టని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇప్పుడు మనం చూసేది 1982లో పూర్తయిన బ్యారేజీ. కాటన్ మ్యూజియం అంత పొద్దున్నే తెరవరు కాబట్టి దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, బ్యారేజీ మీద సూర్యోదయం చూసి కదలండి.

తూర్పు డెల్టా ప్రధాన కాలవ పట్టుకుని కడియం వైపు వెళ్లండి. కడియం లాకుల దగ్గర కాసేపు దిగాలి. ఈ కాలవలు సాగుకోసమే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వినవి. రోడ్లు సరిగా లేని రోజుల్లో ధాన్యం, కలప, మనుషులు అన్నీ నీటి మీదే కాకినాడ వెళ్లేవి. నీటిమట్టం మారేచోట పడవని ఒక తొట్టిలాంటి గదిలోకి తెచ్చి, ముందు తలుపూ వెనక తలుపూ మూసి, నీళ్లు నింపో తీసో కొత్త మట్టానికి చేర్చడమే లాకు పని. పడవలు పోయాయి, రాతి గోడలూ తలుపులు కూర్చునే గాళ్లూ అలాగే ఉన్నాయి. కాలవ ఇక్కడే చీలుతుంది. కోరంగి వైపు పోయేది కాదు, కాకినాడ వైపు పోయేది మీది. ఒక్కసారి అడిగి నిర్ధారించుకోండి, తప్పు కాలవ పడితే ఊరు వచ్చిందాకా తెలీదు.

కడియం, కడియపులంక దాటేదాకా రెండు పక్కలా నర్సరీలే. మొక్కలు ఎక్కించే వ్యాన్లు పొద్దున్నే తిరుగుతాయి, పైపులతో తడిపిన మట్టి జారుతుంది, మెల్లగా వెళ్లండి. ఆ తర్వాత ద్వారపూడి, అనపర్తి. ఈ ముక్కలో గట్టు ఒకేలా ఉండదు. కొంత ఎర్ర గ్రావెల్, కొంత సిమెంటు, కొంత వట్టి గడ్డి, మధ్యలో గడ్డివాములు. గంటకి 12, 13 కిలోమీటర్లు పడితే బాగా వెళ్తున్నట్టే. అనపర్తిలో టిఫిన్ చేసేయండి, పది దాటితే పెసరట్టు అయిపోయిందంటారు.

బిక్కవోలు ఈ దారికంతటికీ గుండెకాయ, నన్నడిగితే సామర్లకోట, ద్రాక్షారామం కంటే కూడా. ఇది తూర్పు చాళుక్యుల ఊరు. 9, 10 శతాబ్దాల నాటి గుళ్లు ఊళ్లో కొన్ని, ఊరి బయట కొన్ని ఉన్నాయి. ఊళ్లో గోలింగేశ్వరుడి గుడికీ, లక్ష్మీగణపతి గుడికీ అందరూ వెళ్తారు. గణపతి చెవిలో కోరిక చెప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ, వరస పెద్దదే ఉంటుంది. ఊరి బయటి గుళ్లకి మాత్రం ఎవరూ రారు. నక్కల గుడి, కంసర గుడి అని అడగండి, చూపిస్తారు. కారులో వచ్చినవాళ్లు రోడ్డు మీదనుంచే ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, సైకిలయితే పొలాల మధ్య దారి పట్టుకుని దగ్గరిదాకా వెళ్లిపోవచ్చు. వెళ్లాక తొందరపడకుండా గుడి చుట్టూ ఒకసారి తిరగండి. అంతస్తులు అంతస్తులుగా పైకి సన్నబడే విమానం (గర్భగుడి మీది శిఖరం), గోడల్లో గూళ్లు, గూళ్ల మీద మకరతోరణాలు. ఎండ పక్కనుంచి పడే వేళయితే చెక్కడం స్పష్టంగా కనపడుతుంది, నడినెత్తిన ఉంటే అంతా చప్పగా ఉంటుంది. అందుకే తొమ్మిదిన్నర, పదిలోపు ఇక్కడికి చేరేలా చూసుకోండి, కుదరకపోతే సాయంత్రం నాలుగు తర్వాత. గుడికి సైకిల్ ఆనించకండి, రాయి నలుగుతుంది.

బిక్కవోలు నుంచి సామర్లకోట కాలవ వెంబడే ఇంకో 15 కిలోమీటర్లుంటుంది. ఎండ నెత్తికెక్కుతుంది కాబట్టి కొబ్బరి బొండాం కనపడినచోటల్లా ఆగండి. పంచారామాల్లో ఒకటైన కుమారారామం సామర్లకోటలోనే ఉంది, చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే రెండంతస్తుల గుడి. శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది. పైకెక్కితేగానీ పైభాగం కనపడదు, అభిషేకం కూడా పైనే. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకని ముందు భోంచేసి గదిలో నడుం వాల్చి, సాయంత్రం తీరిగ్గా వెళ్లండి. ఓపికుంటే పెద్దాపురం పాండవుల మెట్ట పక్కనే. ఈ రెండు రోజుల్లో మీకు కనపడే ఎత్తు అదొక్కటే.

5. దారిలో మనుషులు, కుక్కలు, ధాన్యం

దారి అడగడం ఒక కళ. "ఈ పుంత సామర్లకోట వెళ్తుందా అండీ?" అంటే "ఎల్లిపోద్దండి" అనే అంటారు. మిమ్మల్ని నిరాశపరచడం ఇష్టంలేక అలా అంటారు, అబద్ధమాడాలని కాదు. అడగాల్సింది ఇలా: "బండి వెళ్తుందా బాబాయ్, ట్రాక్టరు మాత్రమే వెళ్తుందా?" మోటారుసైకిల్ పోయేచోట మీ సైకిల్ కూడా పోతుంది. ట్రాక్టరు మాత్రమే అంటే మోకాలి లోతు గాళ్లున్నాయని. "మొన్న వానకి ఎలా ఉంది?" అని రెండో ప్రశ్న వేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

గట్ల మీద చాలాచోట్ల ఇళ్లుంటాయి. గుమ్మం దిగితే దారే, పిల్లలు చూసుకోకుండా పరిగెత్తుకొస్తారు. అక్కడ నడిచే వేగం మించకండి. రేవుల్లో ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు, బట్టలు ఉతుకుతుంటారు. కాలవ ఎంత బావున్నా అక్కడ ఫోన్ బయటికి తీయొద్దు. హ్యాండిల్ మీద కెమెరా ఉంటే ఆపేయండి.

కోతల రోజుల్లో రోడ్డు మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోస్తారు. దాని మీదనుంచి తొక్కితే మీరు జారతారు, వాళ్ల గింజ నలుగుతుంది, తిట్లు కూడా గట్టిగానే పడతాయి. దిగి పక్కనుంచి నడిపించండి. కోసిన చేలల్లో బాతుల మందలు మేపుతుంటారు, పుంత దాటించేటప్పుడు వందలకొద్దీ అడ్డం వస్తాయి. బెల్లు కొడితే చెదిరిపోయి కాసేవాడి పని రెట్టింపవుతుంది. కాళ్లు కిందపెట్టి నిలబడండి, అయిదు నిమిషాల్లో అవే వెళ్లిపోతాయి.

కుక్కలు వెంటబడితే వేగం పెంచకండి. పక్కన కాలవ, కంచె ఉండదు, కంగారులో హ్యాండిల్ తిరిగితే నేరుగా నీళ్లలోకే. సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి, పది అడుగులు వెళ్లేసరికి వాటికే విసుగొస్తుంది. ఇంకా ముఖ్యం, చీకటి పడ్డాక గట్టు ఎక్కొద్దు. ఎలకలున్న వరిచేను అంటే పాములున్న చేనే, వెచ్చగా ఉంటుందని అవి రాత్రిళ్లు దారి మీదికి వస్తాయి.

6. రెండో రోజు: గొల్లల మామిడాడ మీదుగా ద్రాక్షారామం

ఈ రోజు పెద్ద కాలవ వదిలేసి పుంతలు, పిల్లకాలవల మీద పడతారు. సామర్లకోట నుంచి పెదపూడి వైపు దిగి గొల్లల మామిడాడ చేరుకోండి. ఇక్కడ దారి తప్పడం కష్టం. కోదండరాముడి గుడి గోపురాలు కొన్ని కిలోమీటర్ల దూరం నుంచే వరిచేల మీదుగా కనపడుతుంటాయి, ఫోన్ జేబులో పెట్టేసి వాటిని చూసుకుంటూ ఏ పుంత అటు తిరిగితే ఆ పుంత పట్టుకున్నా చేరిపోతారు. ఈ గోపురాలు పాతవేమీ కావు, గత శతాబ్దానివే, కానీ బిక్కవోలు చూసిన కళ్లతో వీటిని చూస్తే ఆ చిన్న రాతిగుళ్ల పొందిక ఇంకా బాగా తెలుస్తుంది. సూర్యదేవుడి గుడి కూడా ఈ ఊళ్లోనే.

అక్కణ్ణుంచి రామచంద్రపురం, ఆ తర్వాత మరో ఆరేడు కిలోమీటర్లు తొక్కితే ద్రాక్షారామం. 2022లో జిల్లాలు విడదీశాక బిక్కవోలు తూర్పు గోదావరిలోనూ, సామర్లకోట కాకినాడ జిల్లాలోనూ, ద్రాక్షారామం కోనసీమలోనూ పడ్డాయి. రెండు రోజుల్లో మూడు జిల్లాలు తొక్కేశామని స్నేహితులకి చెప్పుకోవచ్చు, పనికొచ్చేదేమీ లేదనుకోండి.

ద్రాక్షారామం భీమేశ్వరాలయం కూడా రెండంతస్తులదే, మాణిక్యాంబ అమ్మవారు పక్కనే. పదిన్నర, పదకొండుకల్లా చేరితే మూసేలోపు తీరిగ్గా చూడొచ్చు. దర్శనం అయ్యాక అందరిలా ప్రసాదం కౌంటరు వైపు పరిగెత్తకుండా స్తంభాల దగ్గరా గోడల దగ్గరా ఆగండి. ఈ గుడి నిండా శాసనాలే, వందల్లో ఉన్నాయి. ఎక్కువభాగం దానాల లెక్కలు. అఖండదీపం ఆరకుండా నెయ్యి పోయడానికి ఫలానావాళ్లు ఇన్ని గొర్రెలిచ్చారు, ఇంత భూమిచ్చారు అని. పాత తెలుగు లిపి కాబట్టి చదవబోతే అంతా అర్థం కాదు, కానీ మెల్లగా చూస్తే ఒకటి రెండు అక్షరాలు ఇప్పటివాటిలాగే గుండ్రంగా చిక్కుతాయి. వేలితో రుద్దకండి, సుద్ద పూయకండి. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చాలు, అక్షరం లేచి కనపడుతుంది.

ఇంకా కాళ్లల్లో సత్తువ ఉంటే కోటిపల్లి రేవుదాకా వెళ్లి గోదావరి చూసి రావొచ్చు. పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటితే అది కోనసీమ నడిబొడ్డు, ఇంకో యాత్ర. ఈసారికి వద్దు.

7. తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం ఎండ తగ్గాక, మూడున్నరకి ద్రాక్షారామంలో కదిలి రామచంద్రపురం, మండపేట మీదుగా తాపేశ్వరం రండి. ఇక్కడ మడత కాజా తినకుండా వెళ్లేవాళ్లుంటారని నేననుకోను. తొక్కేవాళ్లకి ఒకటే సలహా: ఒక్కటి తిని మిగతావి కట్టించుకోండి, పాకం కడుపులో పడ్డాక పెడల్ బరువెక్కుతుంది. తాపేశ్వరం నుంచి ద్వారపూడి దగ్గరే. కాళ్లు మొరాయిస్తే ద్వారపూడి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిల్ వేసుకుని రాజమండ్రి వెళ్లిపోవచ్చు. రైలే కావాలంటే సైకిల్ పార్సిల్‌గా బుక్ చేయాల్సి ఉంటుంది, చిన్న స్టేషన్లో అది కుదురుతుందో లేదో ముందే కనుక్కోండి. కాళ్లు బావుంటే కడియం మీదుగా కాలవ వెంబడే ధవళేశ్వరం చేరండి, కానీ చీకటి పడుతుందనిపిస్తే మొహమాటపడకుండా ఆటోనే. మ్యూజియం కావాలంటే ఆ రాత్రి రాజమండ్రిలో ఉండి మర్నాడు పొద్దున చూసుకోండి. ఆనకట్ట కట్టిన రోజుల పనిముట్లూ నమూనాలూ ఉన్నాయి, రెండు రోజులు కాలవలు తొక్కి వచ్చాక అవన్నీ ఏమిటో మీకే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక సైకిల్ అదేరోజు కడగండి. ఒండ్రుమట్టి ఎండితే సిమెంటులా పట్టేస్తుంది, గోకితే పెయింటు కూడా ఊడొస్తుంది. ప్రెషర్ వాటర్ వద్దు, బేరింగుల్లోకి మట్టి నెట్టేస్తుంది. బకెట్టు నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. చైను తుడిచి ఆరాక నూనె వేయండి. ఆపైన టైర్లు రెండూ వేళ్లతో తడుముతూ ఒక చుట్టు తిప్పండి. లోపల విరిగి ఉండిపోయిన తుమ్మముల్లు ఒకటైనా ఉంటుంది, ఇప్పుడు తీయకపోతే వచ్చే ఆదివారం గాలి తీసేది అదే.